తీసిన గడ్డ అదే చోట మళ్ళీ లేస్తే: కుక్కల చర్మ కణితులు, ఆపరేషన్, తిరగబెట్టే ప్రమాదం

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. బ్రూనో తొమ్మిదేళ్ళ మగ లాబ్రడార్. కుడి ముందు కాలికి, మోచేయి కింద బయటి వైపు నిమ్మకాయంత గడ్డ ఉంటే పోయినేడాది తీయించారు. కొవ్వు గడ్డే అన్నారు, బయాప్సీకి పంపలేదు. ఎనిమిది నెలలకు పాత కుట్టు పక్కనే మళ్ళీ లేచింది. ఇప్పుడు చూస్తున్న డాక్టర్‌గారు ఈసారి చాలా పెద్దగా కోయాలంటున్నారు. ఇంట్లోవాళ్ళేమో కత్తి తగిలే కొద్దీ క్యాన్సర్ పాకుతుంది, ఈ వయసులో దాన్ని హింస పెట్టొద్దు అంటున్నారు. ఎవరి మాట వినాలి అని అడిగారు.

నేను ఇరవై రెండేళ్ళుగా కుక్కలకీ పిల్లులకీ ఆపరేషన్లు చేస్తున్నాను. అందులో సగానికి సగం గడ్డలే. మీకు సూటిగా చెప్పేది: వదిలేయొద్దు, అలాగని వచ్చే వారమే టేబుల్ ఎక్కించొద్దు కూడా. అది ఏ గడ్డో తెలియకుండా ఎంత కోయాలో ఎవరూ చెప్పలేరు. మొదటిసారి జరిగిన పొరపాటు కోయడం కాదు, పేరు తెలియకుండా కోయడం, తీశాక కూడా పేరు తెలుసుకోకపోవడం. గడ్డ తిరగబెడుతుందా లేదా అన్నది చాలావరకు కత్తి పట్టకముందే తేలిపోతుంది.

ముందు సూది పరీక్ష గురించి చెప్తాను, ఎందుకంటే దీన్ని జనం అనవసరంగా దాటేస్తారు. మత్తు అక్కర్లేదు. వ్యాక్సిన్ వేసే సూదిలాంటి సన్నటి సూది, ఒక సిరంజి, నాలుగైదు గాజు స్లైడ్లు చాలు. గడ్డని రెండు వేళ్ళ మధ్య కదలకుండా పట్టుకుని, సూది లోపలికి దించి, నాలుగైదు సార్లు ముందుకీ వెనక్కీ ఆడిస్తాం. బయటికి తీశాక సిరంజితో గాలి ఊది, సూదిలో చిక్కుకున్న ఆ చిన్న చుక్కని స్లైడ్ మీద పడేస్తాం. కొవ్వు గడ్డయితే మైక్రోస్కోపు దాకా వెళ్ళకుండానే సగం తెలిసిపోతుంది. స్లైడ్ మీద నూనె పూసినట్టు మెరుస్తుంది, ఎంతసేపు ఊపినా ఆరదు. అదే మాస్ట్ సెల్ ట్యూమర్ అయితే, అంటే అలర్జీలో పాలుపంచుకునే మాస్ట్ కణాల నుంచి పుట్టే క్యాన్సర్ అయితే, రంగు వేశాక గుండ్రటి కణాలు, వాటి కడుపు నిండా ఊదారంగు రవ్వలు కనిపిస్తాయి. కొన్ని కణాలు పగిలి ఆ రవ్వలు చుట్టూ చల్లినట్టు పడి ఉంటాయి. ఒకసారి చూస్తే మళ్ళీ మర్చిపోలేని బొమ్మ అది. పావుగంట పని. ఆ పావుగంట మిగుల్చుకోబోయి తర్వాత ఏడాది పాటు బాధపడినవాళ్ళని ఎంతమందిని చూశానో లెక్కలేదు.

చేత్తో నొక్కి చూసి "ఇది కొవ్వే" అని చెప్పడం నేనెప్పుడో మానేశాను. మెత్తగా, చర్మం కింద జారుతూ, ఏళ్ళ తరబడి అదే సైజులో ఉన్న గడ్డ కొవ్వు గడ్డ కావచ్చు. సరిగ్గా అలాగే తగిలే మాస్ట్ సెల్ గడ్డలూ ఉన్నాయి. వాటిని మావాళ్ళు బహురూపి అంటారు. మొటిమలా ఉంటుంది, దోమ కుట్టినట్టు ఉంటుంది, మెత్తటి కొవ్వు ముద్దలా ఉంటుంది. బఠాణీ గింజకంటే పెద్దదైన గడ్డ నెల దాటినా ఉందంటే సూది పెట్టించాల్సిందే. నేను ఇంటి కుక్కకైనా ఇదే పాటిస్తాను.

అసలు కత్తితో పని లేని గడ్డలు కూడా బోలెడున్నాయి. మూడు నాలుగేళ్ళ లోపు కుక్కకి ముఖం మీదో చెవి మీదో గుండీలాగా ఎర్రగా, వెంట్రుకలు లేకుండా లేచేది చాలాసార్లు హిస్టియోసైటోమా. రెండు మూడు నెలల్లో తనంతట తానే కరిగిపోతుంది. కుక్కపిల్లల నోట్లో వచ్చే వైరస్ పులిపిర్లు అంతే. జతకట్టడం వల్ల ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకి అంటుకునే జననాంగాల గడ్డకు విన్‌క్రిస్టిన్ అనే ఇంజెక్షన్ వారానికోసారి ఇస్తే చాలా కుక్కల్లో పూర్తిగా పోతుంది, కోస్తే మాత్రం తరచూ తిరగబెడుతుంది. వృషణాలు తీయని ముసలి మగ కుక్కలకి మలద్వారం చుట్టూ వచ్చే అడినోమా అనే గడ్డ మగ హార్మోను మీద బతుకుతుంది. గడ్డ ఒక్కటీ కోసి హార్మోనుని వదిలేస్తే పక్కనే ఇంకోటి లేస్తుంది, వృషణాలు తీసేస్తే చాలాసార్లు గడ్డే చిక్కిపోతుంది. ముసలి కుక్కల ఒంటి మీద గోబీపువ్వులా వచ్చే సెబేషియస్ గడ్డలు చూడ్డానికి అసహ్యంగా ఉంటాయి గానీ ఎక్కువగా అపాయం లేనివే. ఇవేవీ బ్రూనో సంగతి కాదనుకోండి. సూది పరీక్ష ఎందుకంత ముఖ్యమో చెప్పడానికే ఇవన్నీ ఎత్తాను.

బ్రూనో విషయంలో నా అనుమానం రెండింటి మీద. వయసు, చోటు, ఎనిమిది నెలలకు కుట్టు పక్కనే లేవడం, ఇవన్నీ చూస్తే మొదటి అనుమానం సాఫ్ట్ టిష్యూ సార్కోమా, అంటే కొవ్వు, కండరం లాంటి మెత్తటి కణజాలాల్లో పుట్టే క్యాన్సర్ల జాతి మీద. రెండోది మాస్ట్ సెల్ ట్యూమర్, లాబ్రడార్లలో అది తక్కువేం కాదు. కాలి కండరాల్లోకి చొచ్చుకుపోయే రకం కొవ్వు గడ్డ అనే మూడో అవకాశం కూడా ఉంది. పేరుకి కొవ్వు గడ్డే అయినా మామూలు కొవ్వు గడ్డలా కాకుండా అది తిరగబెడుతుంది. కాబట్టి మొదటి డాక్టర్ పూర్తిగా తప్పు చెప్పారని కూడా ఇప్పుడే అనలేం.

సార్కోమా గురించి నా సొంత కథ ఒకటి చెప్పాలి. ప్రాక్టీసు మొదలుపెట్టిన రెండో ఏడు. ఒక కుక్క తొడ మీద గడ్డ. చర్మం కోయగానే గడ్డ గుండ్రంగా, తెల్లటి పొర చుట్టుకుని, నున్నగా కనిపించింది. వేలు పెట్టి చుట్టూ తిప్పితే తొక్కలోంచి గింజ వచ్చినట్టు ఊడి వచ్చేసింది. రక్తం కూడా పెద్దగా రాలేదు. గడ్డని ట్రేలో పెట్టి యజమానికి చూపించి, "వేరుతో సహా వచ్చేసింది, ఇక మర్చిపోండి" అన్నాను. పదకొండు నెలలకు ఆ కుక్క మళ్ళీ వచ్చింది. అదే చోట, ఈసారి ఒకదాని పక్కన ఒకటి మూడు గడ్డలు. ఆ పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే కాస్త తేలికగా ఉండేది.

నేను మోసపోయింది ఆ తెల్లటి పొర దగ్గర. అది గడ్డని మూసి ఉంచే సంచి కాదు. గడ్డ పెరుగుతూ చుట్టూ ఉన్న కణజాలాన్ని నొక్కితే ఏర్పడిన పొర. ఆ పొరలోనూ కణితి కణాలుంటాయి, దాన్ని దాటి కంటికి కనపడని సన్నటి పాయలు కండరాల మధ్యకి పోయి ఉంటాయి. గరికని పైకి పట్టి పీకినట్టన్నమాట. చేతికి గుప్పెడు వస్తుంది, నేల శుభ్రంగా కనిపిస్తుంది, వాన పడితే మళ్ళీ లేస్తుంది. తేలిగ్గా ఊడి వచ్చిన గడ్డ అంటే ఇప్పటికీ నాకు అనుమానమే.

అందుకే సర్జన్లు మార్జిన్ మార్జిన్ అని కొట్టుకుంటారు. గడ్డతో పాటు దాని చుట్టూ ఉన్న ఆరోగ్యంగా కనిపించే చర్మాన్ని కూడా ఒక పట్టీలా తీయడమే మార్జిన్. సార్కోమాలకు చుట్టూ 2 నుంచి 3 సెంటీమీటర్లు. మాస్ట్ సెల్ గడ్డలకు ఒకప్పుడు గుడ్డిగా 3 సెంటీమీటర్లు తీసేవాళ్ళం. తక్కువ గ్రేడ్ అయితే (గ్రేడ్ అంటే మైక్రోస్కోపు కింద కణాల తీరు చూసి గడ్డ ఎంత ఉద్ధృతమైనదో చెప్పే కొలత) 2 సెంటీమీటర్లతో సరిపోతుందని తర్వాత తేలింది, చిన్న గడ్డలకు గడ్డ వెడల్పు ఎంతో చుట్టూ అంతే తీసేవాళ్ళూ ఉన్నారు. జనం వెడల్పు గురించే అడుగుతారు గానీ అసలు కిటుకు లోతులో ఉంది. కొవ్వులోకి కణితి సులువుగా పాకుతుంది. కండరాన్ని కప్పి ఉండే గట్టి తెల్లటి పొర, ఫేషియా అంటాం, అది మాత్రం దాన్ని బాగా అడ్డుకుంటుంది. కాబట్టి గడ్డ కింద ఒక ఫేషియా పొరని చెక్కు చెదరకుండా గడ్డతో పాటే ఎత్తేయాలి. మంచి ఆపరేషన్‌లో సర్జన్‌కి గడ్డ అసలు కనపడకూడదు. చుట్టూ మామూలు కణజాలమే కనిపిస్తుంది, గడ్డ ఆ ముద్ద మధ్యలో ఎక్కడో ఉంటుంది. గడ్డ కంటికి కనపడిందంటే కత్తి దాని దగ్గరికి ఎక్కువగా వెళ్ళిపోయినట్టే.

ఇప్పుడు లెక్క వేసుకోండి. మూడు సెంటీమీటర్ల గడ్డ, చుట్టూ మూడేసి సెంటీమీటర్లు. మొత్తం తొమ్మిది సెంటీమీటర్ల వెడల్పు. పక్కటెముకల మీదో వీపు మీదో అయితే కుక్కకి చర్మం వదులుగా ఉంటుంది, దగ్గరికి లాగి కుట్టేస్తాం. మోచేయి కింద కాలు మొత్తం చుట్టుకొలతే ఎంత ఉంటుంది? మీ డాక్టర్‌గారు "చాలా పెద్దగా కోయాలి" అన్నది భయపెట్టడానికి కాదు. ఆ చోటు అలాంటిది. నిజానికి ఆ మాట విన్నాకే నాకు ఆయన మీద కాస్త నమ్మకం కలిగింది.

మళ్ళీ లేచిన గడ్డకి ఇంకో చిక్కు ఉంది. మొదటి ఆపరేషన్‌లో కత్తి తిరిగిన మేర అంతా ఇప్పుడు అనుమానపు నేలే. పాత మచ్చ మొత్తం, కుట్లు పడిన చోట్లు, ఆ రోజు రసి పోవడానికి గొట్టం పెట్టి ఉంటే అది బయటికి వచ్చిన రంధ్రం, ఇవన్నీ గడ్డలో భాగమే అనుకుని వాటి చుట్టూ మార్జిన్ లెక్కేయాలి. పొరలు కూడా అతుక్కుపోయి ఉంటాయి, ఏది ఫేషియానో ఏది మచ్చో వేలికి తెలియదు. మొదటి ఆపరేషనే బాగుపడటానికి అన్నిటికంటే మంచి అవకాశం అని మేం పదేపదే అనేది ఇందుకే. రెండోసారి అవకాశం ఉండదని కాదు, ఖర్చూ కోతా రెండూ పెరుగుతాయి.

కత్తి తగిలితే పాకుతుందన్న మాటకి వస్తాను. ఇది ఉత్త మూఢనమ్మకం అని కొట్టిపారేయను. సగం కోసి సగం వదిలేస్తే మిగిలింది పెరుగుతుంది, ఇంట్లోవాళ్ళకి అది కత్తి వల్లే పెరిగినట్టు కనిపిస్తుంది. గడ్డని మధ్యలో చీల్చి అదే కత్తెరతో, అదే గ్లౌజులతో పక్క చర్మం విప్పితే కణాలు అక్కడికి చేరగలవు. అందుకే గడ్డ తీసేశాక గ్లౌజులు, పరికరాలు మార్చి శుభ్రమైన వాటితో కుట్లు వేస్తాం. ఒకే రోజు రెండు గడ్డలు తీస్తుంటే రెండింటికీ వేరువేరు సెట్లు. కానీ మార్జిన్‌తో సరిగ్గా కోసినందువల్ల గడ్డ ఊపిరితిత్తులకి పాకడం, సూది పెట్టినందువల్ల క్యాన్సర్ ఒళ్ళంతా చల్లుకుపోవడం లాంటివి నా అనుభవంలో లేవు. చర్మ గడ్డల విషయంలో సూది పరీక్షను వద్దనడానికి అది కారణం కాదు. పాకే స్వభావం ఉన్న గడ్డ ముట్టుకోకుండా వదిలేసినా పాకుతుంది.

ఇక తిరగబెట్టే లెక్కలు. సార్కోమాలో రెండు విషయాలు చూస్తాం, గ్రేడు, మార్జిన్. 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో మార్జిన్ ఇరుకుగా వచ్చిన గడ్డల్లో గ్రేడ్ 1వి 7 శాతం, గ్రేడ్ 2వి 34 శాతం, గ్రేడ్ 3వి 75 శాతం తిరిగి వచ్చాయి. మార్జిన్ పూర్తిగా క్లీన్‌గా, అంటే కోసిన అంచున కణితి కణాలు లేకుండా ఉన్నవాటిలో ఒక్కటీ రాలేదు. కుక్కల సంఖ్య మరీ ఎక్కువేం కాదు గానీ నేను చూసేదీ దాదాపు ఇలాగే ఉంటుంది. గ్రేడ్ 1 అయితే కొంచెం అటూ ఇటూ అయినా కాలం కలిసొస్తుంది, గ్రేడ్ 3 అయితే చిన్న పొరపాటుని కూడా క్షమించదు. దూరానికి పాకడం చూస్తే తక్కువ, మధ్య గ్రేడుల్లో అది మామూలుగా 15 శాతం లోపే, అధిక గ్రేడులో 40 శాతం దాకా ఉంటుంది. పాకితే ఎక్కువగా రక్తం ద్వారా ఊపిరితిత్తులకే. ఈ గడ్డలతో పెద్ద చిక్కు పాకడం కన్నా అదే చోట మళ్ళీ మళ్ళీ లేవడం.

మాస్ట్ సెల్ దారి వేరు. అది మొదట దగ్గరి లింఫ్ గ్రంథికి, తర్వాత ప్లీహానికి, కాలేయానికి పోతుంది. ఊపిరితిత్తులకి అరుదు. కాబట్టి సార్కోమాకి ఛాతీ ఎక్స్‌రే ముఖ్యమైతే, దీనికి లింఫ్ గ్రంథికి సూది పెట్టడం, పొట్ట స్కాన్ ముఖ్యం. గ్రంథి ఉబ్బి లేకపోయినా సూది పెట్టాలి, మామూలు సైజు గ్రంథిలో కూడా కణాలు దొరుకుతుంటాయి. గ్రేడింగ్ రెండు రకాలు వాడుకలో ఉన్నాయి. 1984 నాటి పాత పద్ధతిలో 1, 2, 3 గ్రేడులు, 2011లో వచ్చిన పద్ధతిలో తక్కువ, అధికం అని రెండే. ఆ 2011 అధ్యయనంలో అధిక గ్రేడ్ కుక్కల్లో సగం నాలుగు నెలలు కూడా దాటలేదు, తక్కువ గ్రేడ్ కుక్కలు సగానికి పైగా రెండేళ్ళు దాటి బతికాయి. అంటే ఒకే పేరున్న గడ్డలో రెండు వేరే జబ్బులున్నట్టు లెక్క. గ్రేడ్ తెలియకుండా "మాస్ట్ సెల్ అంట, ఎన్నాళ్ళు బతుకుతుంది" అని అడిగితే జవాబు చెప్పలేకపోయేది అందుకే.

ఇంకో మాట. మాస్ట్ సెల్ గడ్డని ఊరికే పిసకొద్దు. దాని కణాల్లో హిస్టమిన్, హెపారిన్ ఉంటాయి. నలిపితే నిమిషాల్లో చుట్టూ ఎర్రగా ఉబ్బిపోతుంది, కడుపులో పుండ్లు పడి నల్లటి విరేచనాలు కావచ్చు. గడ్డ ఒకరోజు పెద్దగా ఒకరోజు చిన్నగా ఉందని ఎవరైనా చెప్తే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే. ఆపరేషన్‌కి ముందు యాంటీహిస్టమిన్, కడుపులో యాసిడ్ తగ్గించే మందు ఇస్తాం. మీ దగ్గర మిగిలిపోయిన స్టెరాయిడ్ మాత్రలు మాత్రం పేరు తేలేదాకా వేయొద్దు. గడ్డ కరిగినట్టు కనిపిస్తుంది, అందరూ సంతోషిస్తారు, పరీక్షలో అసలు విషయం మరుగున పడుతుంది.

మీరన్న "మళ్ళీ వచ్చింది" అనే మాటలోనే నాలుగు వేరువేరు సంగతులు దాగి ఉండొచ్చు. మిగిలిపోయిన కణాల నుంచి అదే గడ్డ తిరిగి లేవడం ఒకటి. చర్మం కింద కుట్టిన దారానికి ఒళ్ళు ఎదురు తిరిగి గట్టి ముడి కట్టడం ఇంకోటి. అది మామూలుగా మొదటి వారాల్లోనో కొద్ది నెలల్లోనో కనిపిస్తుంది, ఎనిమిదో నెలలో కొత్తగా లేచి పెరుగుతోందంటే దాని మీద ఆశ పెట్టుకోను. ఆపరేషన్ అయిన వారంలోపే మెత్తగా నీళ్ళ సంచిలా ఉబ్బితే అది సిరోమా, కంగారు పడక్కర్లేదు. నాలుగోది వేరే చోట కొత్త గడ్డ. ఒకసారి మాస్ట్ సెల్ వచ్చిన కుక్కల్లో కొన్నింటికి జీవితంలో మళ్ళీ మళ్ళీ వేరే చోట్ల వస్తుంటుంది, పాత గడ్డ పాకినట్టు కాదు, అది ఆ చర్మం తత్వం. ఇది తెలియక "అప్పుడే సరిగ్గా తీయలేదు" అని సర్జన్ని తిట్టుకునేవాళ్ళుంటారు. వ్యాపించిందని భయపడి చికిత్సే మానేసేవాళ్ళూ ఉంటారు, వాళ్ళని చూస్తే ఇంకా బాధేస్తుంది.

బ్రూనోకి ఏ వరసలో పోవాలో చెప్తాను. మొదట గడ్డకి సూది. దాంతో పాటే భుజం ముందు ఉండే లింఫ్ గ్రంథికి కూడా. మాస్ట్ సెల్ అయితే ఇక్కడే తేలిపోతుంది. సార్కోమా కణాలు మొండివి, సూదిలోకి తేలిగ్గా రావు, చాలాసార్లు రక్తమూ కోలగా సాగిన నాలుగు కణాలూ మాత్రమే వస్తాయి. అందులోనూ పాత మచ్చ పక్కన మామూలుగా మానే కణాలు కూడా అలాగే కనిపిస్తాయి. "ఏమీ దొరకలేదు" అన్న రిపోర్టుని "ఏమీ లేదు" అని చదవొద్దు. అప్పుడు కొద్దిగా మత్తిచ్చి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపాలి. ఆ ముక్క ఎక్కడ తీయాలన్నది ఆపరేషన్ చేయబోయే సర్జనే నిర్ణయిస్తే మంచిది. ఆ గాటు కూడా రేపు తీసేసే పట్టీలోనే పడాలి, పక్కన పడితే కోయాల్సిన మేర ఇంకా పెరుగుతుంది.

పేరు వచ్చాక, మూడు వైపుల నుంచి ఛాతీ ఎక్స్‌రేలు, రక్త పరీక్షలు, అవసరమైతే పొట్ట స్కాన్. వీలైతే కాలికి సీటీ కూడా. గడ్డ కండరాల మధ్యకి ఎంత దూరం పోయిందో వేలికి తెలియదు, సీటీలో తెలుస్తుంది.

ఆపరేషన్‌లో మీ ముందు ఒక్క దారే లేదు. చర్మం చాలకపోయినా వెడల్పుగా తీసేసి, పక్క నుంచి చర్మం తిప్పి కప్పడం, లేదా గాయాన్ని తెరిచే ఉంచి కట్లు మారుస్తూ దానంతట అది మానేలా చూడటం ఒకటి. కట్లు మార్చే ఆ వారాలు చూడ్డానికి భయంకరంగా ఉంటాయి గానీ కుక్క చర్మం మానే తీరు చూస్తే నాకిప్పటికీ ఆశ్చర్యమే. తక్కువ గ్రేడ్ అయితే కావాలనే ఇరుకుగా తీసి, మిగిలిన కణాల కోసం రేడియేషన్ ఇప్పించడం ఇంకో దారి. రేడియేషన్ అందుబాటులో లేనిచోట కొందరు ఎలక్ట్రోకీమోథెరపీ చేస్తారు. మందు ఇచ్చి, గాయం అంచులకి కరెంటు పల్సులు పెట్టి, మందు కణాల్లోకి చొరబడేలా చేసే పద్ధతి అది. మాస్ట్ సెల్ అయి, పాకకుండా ఉంటే గడ్డలోకే నేరుగా ఎక్కించే టిగిలానాల్ టిగ్లేట్ అనే మందు ఉంది, 2020లో యూరప్‌లోనూ అమెరికాలోనూ అనుమతి వచ్చింది. గడ్డ కొద్ది రోజుల్లో నల్లబడి ఊడిపోయి, గుంట మిగిలి, అది మానుతుంది. ఆపరేషన్‌కి అందని మాస్ట్ సెల్ గడ్డలకు టోసెరనిబ్ మాత్రలున్నాయి. కుక్కల క్యాన్సర్ కోసమే తయారై 2009లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి మందు అది.

అధిక గ్రేడ్ సార్కోమా అయి, కీలు చుట్టూ అల్లుకుపోయి ఉంటే కాలు తీసేయడం గురించి కూడా మీ డాక్టర్‌గారు ఎత్తవచ్చు. ఆ మాట వినగానే లేచి వెళ్ళిపోకండి. మిగతా మూడు కాళ్ళూ, తుంటి కీళ్ళూ బాగుంటే కుక్కలు మనం ఊహించినదానికంటే త్వరగా మూడు కాళ్ళకి అలవాటు పడతాయి. బ్రూనో బరువెక్కి, కీళ్ళు అరిగి ఉంటే మాత్రం నేను కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాను.

ఏ దారిలో తీసినా, తీసినదంతా బయాప్సీకి పోవాలి. "చూడ్డానికి బాగానే ఉంది, అక్కర్లేదు" అన్న మాట ఇంకోసారి ఒప్పుకోకండి. నేనైతే ముద్ద బయటికి వచ్చాక అంచులన్నిటికీ రంగు సిరా పూస్తాను, పై వైపు ఏదో తెలిసేలా ఒక దారం కుడతాను, దానికి పదింతల ఫార్మలిన్ పోసిన డబ్బాలో వేస్తాను. పాథాలజిస్ట్ ముద్దని ముక్కలుగా కోసి చూసినప్పుడు కణితి కణాలు సిరాని తాకుతున్నాయా, తాకకపోతే ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఆగాయి అన్నది రిపోర్టులో రాస్తారు. అందులో ఆ అంకె లేకపోతే ఫోన్ చేసి అడిగించండి. ఒక సంగతి గుర్తుంచుకోండి: చర్మం కోయగానే ముడుచుకుంటుంది, ఫార్మలిన్‌లో ఇంకాస్త కుంచించుకుపోతుంది. సర్జన్ రెండు సెంటీమీటర్లు తీశానంటే రిపోర్టులో అంతకంటే తక్కువ రావడం మామూలే, ఎవరూ అబద్ధం చెప్పినట్టు కాదు. ఇంకోటి, పాథాలజిస్ట్ చూసేది అంచు మొత్తాన్ని కాదు, కొన్ని సన్నటి పొరల్ని. "క్లీన్" అంటే చూసిన మేర క్లీన్ అని.

అంచు క్లీన్ కాలేదని వస్తే కూడా వెంటనే టెన్షన్ పడకండి. తక్కువ గ్రేడ్ గడ్డల్లో అంచున కణాలు మిగిలినా ఎక్కువ శాతం తిరగబెట్టవు. కుక్క వయసు, గ్రేడు, చోటు చూసుకుని మచ్చని మళ్ళీ వెడల్పుగా తీయాలా, రేడియేషనా, లేక కళ్ళు వేసి చూస్తూ ఉండాలా అన్నది తేల్చుకోవాలి. గ్రేడ్ 2 పైబడితే నేను ఆగమని చెప్పను. గడ్డ లేవకముందే మచ్చని తీయడం, లేచాక తీయడం కంటే ఎప్పుడూ తేలిక.

తొమ్మిదేళ్ళ వయసు గురించి ఇంట్లోవాళ్ళ భయానికి ఒక్క మాట. మత్తుకి వయసు అడ్డు కాదు, గుండె, మూత్రపిండాలు, కాలేయం ఎలా ఉన్నాయన్నది ముఖ్యం. రక్త పరీక్ష, గుండె చప్పుడు, అవసరమైతే ఎకో, అంటే గుండె స్కాన్, చూసి పద్నాలుగేళ్ళ కుక్కలకి కూడా చేశాం. ఆపరేషన్ తర్వాత పది నుంచి పద్నాలుగు రోజులు మెడకి కోన్ కచ్చితంగా ఉండాలి. "పాపం, ఇబ్బంది పడుతోంది" అని రాత్రి పూట తీసేసి, పొద్దున్నకల్లా కుట్లు విప్పేసుకున్న కుక్కతో వచ్చేవాళ్ళు నెలకొకరైనా ఉంటారు. కాలి మీద గాయం కాబట్టి మెట్లు, గెంతడాలు, పరుగులు ఆ రెండు వారాలు బంద్.

తర్వాత మొదటి ఏడాది మూడు నెలలకోసారి డాక్టర్‌గారికి చూపించండి, సార్కోమా అయితే అప్పుడప్పుడు ఛాతీ ఎక్స్‌రే తీయించండి. ఇంట్లో మీరు నెలకోసారి, ఒకే తారీఖున పెట్టుకుని, మచ్చ మీద వేళ్ళ కొనలు ఆనించి ఈ చివర నుంచి ఆ చివరకి నడిపించండి. తర్వాత భుజం ముందు, చంక లోపల. ఆరోగ్యంగా మానిన మచ్చ గీతలా ఒకే మందంలో ఉంటుంది. ఆ గీతలో గింజలాంటిది తగిలితే రెండు వారాలు చూద్దాం అనుకోకుండా సూది పెట్టించండి. తక్కువ గ్రేడ్ సార్కోమాలు రెండు మూడేళ్ళ తర్వాత కూడా లేస్తాయి, కాబట్టి ఏడాది గడిచింది కదా అని ఈ అలవాటు మానొద్దు.

డాక్టర్‌గారి దగ్గరికి వెళ్ళేలోపు చేయగలిగిన పని ఒకటుంది. ఇవాళే గడ్డ పక్కన స్కేలు పెట్టి పొడవు, వెడల్పు కొలిచి ఫోటో తీసి తేదీ రాసుకోండి, వారం తర్వాత ఇంకోటి. పాత ఆపరేషన్ కాగితం ఉంటే వెతకండి, గొట్టం పెట్టారా, ఎంత లోతు కోశారు అన్నది అందులో రాసి ఉండొచ్చు. అది దొరక్కపోతే మొదటి డాక్టర్‌కి ఫోన్ చేసి గొడవ పడకుండా అడగండి. ఆయనకి గుర్తున్న రెండు ముక్కలు కూడా ఇప్పుడు కోయబోయే చేతికి పనికొస్తాయి.